వరంగల్ నుంచి వైజాగ్ సముద్రపు కొండల దాకా: కారు లేకుండా, రాత్రి రైలు, సిటీ బస్సుతోనే

మన వైపు పెద్ద చెరువును సముద్రం అనడం పాత అలవాటు. గణపురం దగ్గర కాకతీయులు కట్టించిన చెరువు పేరే గణపసముద్రం. పాకాల కట్ట మీదో, లక్నవరం వేలాడే వంతెన మీదో నిలబడి నీళ్లు చూస్తూ పెరిగినవాళ్లకు ఆ పేరు అతిశయంగా ఏమీ అనిపించదు. అసలు సముద్రం మాత్రం మనకు దగ్గర్లో లేదు. చీరాల, బాపట్ల వైపు వెళ్తే తీరం దొరుకుతుంది కానీ అక్కడంతా చదును ఇసుక. కొండ నేరుగా వచ్చి ఉప్పునీళ్లలో కాళ్లు పెట్టిన చోటు చూడాలంటే విశాఖపట్నం దాకా పోవాలి. వరంగల్ నుంచి రైలు దారిలో సుమారు 560 కిలోమీటర్లు.

నేను మొదటిసారి ప్యాకేజీ టూర్లో వెళ్లాను. ఒక్క రోజులో తొమ్మిది చోట్లు తిప్పారు. కైలాసగిరి మీద నలభై నిమిషాలు ఇస్తే అందులో సగం రోప్‌వే లైన్లోనే అయిపోయింది. కొండ అంచున నిలబడి కింద అలలు చూస్తుండగానే హారన్ కొట్టి పిలిచారు. ఆ బాధతోనే మళ్లీ సొంతంగా వెళ్లాను. తర్వాత మా అమ్మతో, ఇంకోసారి పిల్లలతో కూడా వెళ్లాను. కారు మాట్లాడుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఒక రాత్రి రైలు, ఒక నంబరు బస్సు, రెండు రోజుల సమయం ఉంటే చాలు. ఎలాగో వరుసగా చెప్తాను.

ముందు ఏ కొండకో తేల్చుకోండి

వైజాగ్ కొండ అనగానే అందరి నోటా వచ్చే పేరు డాల్ఫిన్స్ నోస్. డాల్ఫిన్ ముక్కులా సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ అది. హార్బర్‌కు దక్షిణంగా అడ్డంగా నిలబడి అలలను ఆపుతుంది కాబట్టే అక్కడ ఓడరేవు కుదిరింది. 1933లో రేవు మొదలైనప్పుడు పెద్ద తలనొప్పి ఇసుకే. ఈ తీరంలో అలలు దక్షిణం నుంచి ఉత్తరానికి ఇసుకను ఏడాది పొడుగునా మోసుకొస్తూనే ఉంటాయి. ఆ ఇసుక రేవు నోట్లో చేరకుండా కొండ ముందు రెండు పాత ఓడలను కావాలనే ముంచి అడ్డుకట్టగా వాడారు. కొండ పైన 1957 నాటి లైట్‌హౌస్ ఉంది.

ఇంత గొప్ప కొండే అయినా, బస్సులో వెళ్లేవాళ్లు దీన్ని ప్రయాణానికి కేంద్రంగా పెట్టుకోకండి. అది నౌకాదళం ఉండే ప్రాంతం. పైకి ఎప్పుడు పంపిస్తారు, ఎంతవరకు పంపిస్తారు అన్నది వాళ్ల ఇష్టం. లైట్‌హౌస్‌కూ సాయంత్రం కొద్దిసేపే సందర్శకుల వేళలు. అంత దూరం వెళ్లి గేటు దగ్గర వెనక్కి తిరగడం బాధగా ఉంటుంది. పైగా డాల్ఫిన్స్ నోస్ మీద నిలబడితే డాల్ఫిన్స్ నోస్ కనిపించదు. ఆ ఆకారం చూడాలంటే ఆర్కే బీచ్ నుంచో కైలాసగిరి మీద నుంచో చూడాలి. దాని వెనక మూడువైపులా కొండలున్న యారాడ బీచ్ అందమైనదే, సిటీ బస్సు కూడా వెళ్తుంది. కానీ బస్సులు తక్కువ, తిరిగి రావడానికి ఎక్కువసేపు ఎదురుచూడాల్సి వస్తుంది. మూడో రోజు కూడా ఉంటేనే పెట్టుకోండి.

మీ ఇష్టం వచ్చినంతసేపు కూర్చోగలిగే కొండలు నగరానికి ఉత్తరంగా, భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు పొడవునా ఉన్నాయి: కైలాసగిరి, తొట్లకొండ, చివర్లో భీమిలి దగ్గర పావురాలకొండ. మూడూ ఒకే బస్సు దారిలో ఉన్నాయి. ఈ ఒక్క విషయం తెలిస్తే సగం టెన్షన్ తగ్గిపోతుంది.

వాళ్లు కొండ అనేదాన్ని మనం గుట్ట అంటాం. కానీ మన పద్మాక్షి గుట్ట, గోవిందరాజుల గుట్ట ఎక్కిన అలవాటుతో అక్కడ అడుగు వేయకండి. మనది గ్రానైటు. ఎండకు వేడెక్కినా, వానకు తడిసినా బండ బండలాగే గట్టిగా ఉంటుంది. అక్కడి కొండలు తూర్పు కనుమల ఖోండలైటు రాయి. ఎర్రగా, గోధుమరంగుగా, పొరలు పొరలుగా విరిగి, కాలి కింద గులకరాళ్లలా జారుతుంది. హవాయి చెప్పులు వద్దు. పట్టున్న బూట్లో, వెనక పట్టీ ఉన్న శాండిల్సో వేసుకోండి.

ఎప్పుడు వెళ్లాలి

డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలు హాయిగా ఉంటాయి. అక్టోబరు, నవంబరులో కూడా ఆకాశం అందంగా ఉంటుంది కానీ అది తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకింది ఈ నగరాన్నే. ఆ నెలల్లో వెళ్లేవాళ్లు బయల్దేరే వారం ముందు నుంచి వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకోండి. వేసవి గురించి ఒక మాట. మనకు 43 డిగ్రీలు అలవాటే కదా, వైజాగ్‌లో 35 అంటే ఏముందిలే అనుకోవద్దు. మన ఎండ పొడి ఎండ, చెట్టు నీడకు వెళ్తే ప్రాణం లేచివస్తుంది. అక్కడ గాలిలోనే తేమ, చెమట ఆరదు, నీడలో కూర్చున్నా ఒళ్లు జిడ్డుగానే ఉంటుంది. మా అమ్మను ఏప్రిల్‌లో తీసుకెళ్లి ఈ సంగతి తెలుసుకున్నాను. మధ్యాహ్నం మొత్తం గదిలోనే ఉండిపోవాల్సి వచ్చింది.

సముద్రం తూర్పున ఉంటుంది కాబట్టి సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు, కొండల వెనక అస్తమిస్తాడు. సూర్యాస్తమయం ఫొటో కోసం సాయంత్రం బీచ్‌కి వెళ్తే నిరాశే. వైజాగ్ మనకంటే తూర్పున ఉంది కాబట్టి అక్కడ పావుగంట ముందే తెల్లవారుతుంది. చలికాలంలో ఆరుంపావుకు ముందే ఒడ్డున ఉండాలి. వేసవిలోనైతే ఐదుంపావుకే. మీ సెలవులు పౌర్ణమి దగ్గర కుదిరితే మాత్రం వదులుకోకండి. ఆ సాయంత్రం సూర్యుడు కొండల వెనక దిగే వేళకే, ఎదురుగా నీళ్లలోంచి చంద్రుడు పైకొస్తాడు. రాగి పళ్లెంలా లేచి, చూస్తుండగానే తెల్లబడతాడు.

రైలు టికెట్

సాయంత్రం ఎక్కి పొద్దున దిగడానికి మనకు అనువైన రైలు గోదావరి ఎక్స్‌ప్రెస్, నంబరు 12728. 1974 ఫిబ్రవరిలో మొదలైన ఈ రైలు హైదరాబాద్‌లో బయల్దేరి రాత్రి ఏడున్నర, ఎనిమిది మధ్య వరంగల్ వస్తుంది, తెల్లవారి ఆరు గంటల ప్రాంతంలో వైజాగ్ చేరుస్తుంది. నిద్రలో దారి గడిచిపోతుంది, ఒక రాత్రి లాడ్జి ఖర్చు మిగులుతుంది, దిగేసరికి రోజంతా చేతిలో ఉంటుంది. వందే భారత్ రైళ్లు కూడా వరంగల్‌లో ఆగుతాయి. సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం బయల్దేరేది వైజాగ్ చేరేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. తెల్లవారుజామున బయల్దేరేది మధ్యాహ్నానికి చేరుస్తుంది. రెండూ వారంలో ఒక రోజు నడవవు. కోణార్క్, ఈస్ట్ కోస్ట్ పగటి ప్రయాణాలు. మంథనిలో, ధర్మపురిలో చూసిన గోదావరి రాజమండ్రి వంతెన కింద ఎంత వెడల్పయిందో చూడాలనుకుంటే పగటి రైలే ఎక్కాలి. వేళలు మారుతుంటాయి కాబట్టి బుక్ చేసేటప్పుడు మరోసారి చూసుకోండి.

హైదరాబాద్ వైపు నుంచి వైజాగ్ వెళ్లే రైళ్లన్నీ మన మీదుగా రావు. విశాఖ, జన్మభూమి, ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లు నల్గొండ, గుంటూరు దారిన పోతాయి. హైదరాబాద్ చుట్టాలు చెప్పిన రైలు పేరు పట్టుకుని వరంగల్‌లో ఎదురుచూడొద్దు.

ఇంకొకటి, దీన్ని నేను స్వయంగా అనుభవించాను. వైజాగ్ స్టేషన్‌లోకి వెళ్లిన రైలు హౌరా వైపు పోవాలంటే ఇంజన్ మార్చుకుని వెనక్కి తిరగాలి. ఆ ఆలస్యం లేకుండా కొన్ని దూరపు రైళ్లు వైజాగ్ లోపలికి వెళ్లకుండా దువ్వాడలో ఆగి అటు నుంచి అటే పోతాయి. ఒకసారి చివరి నిమిషంలో దొరికిన టికెట్ తీసుకుని, చూసుకోకుండా ఎక్కి, చీకట్లో దువ్వాడలో దిగాల్సి వచ్చింది. అక్కడి నుంచి వైజాగ్ స్టేషన్ దాదాపు 17 కిలోమీటర్లు. టికెట్ మీద దిగే స్టేషన్ విశాఖపట్నం అని ఉందా, దువ్వాడ అని ఉందా అని ఒక్కసారి చదవండి.

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. శుక్రవారం రాత్రి వెళ్లి ఆదివారం వచ్చే టికెట్లు త్వరగా అయిపోతాయి కాబట్టి రానూపోనూ ఒకేసారి తీసుకోండి. వెళ్లేది దొరికింది కదా, వచ్చేది తర్వాత చూద్దాం అనుకుంటే ఇబ్బంది పడతారు. తత్కాల్ అయితే ముందు రోజు ఏసీకి ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు మొదలవుతుంది. ఆన్‌లైన్‌లో తీసుకోవాలంటే ఖాతాకు ఆధార్ ధృవీకరణ ఉండాలి, అది ముందే పూర్తి చేసి పెట్టుకోండి. సంక్రాంతి రోజుల్లో ఈ దారిలో సీటు దొరకడం చాలా కష్టం. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర వారంలో వరంగల్, కాజీపేట స్టేషన్లు జనంతో నిండిపోతాయి. ఆ రోజుల్లో ప్రయాణమైతే స్టేషన్‌కు గంట ముందే చేరండి.

ఇంటి నుంచి స్టేషన్‌కు

ములుగు, నర్సంపేట, పరకాల, భూపాలపల్లి వాళ్లు బస్సులో వరంగల్ వచ్చి రైలెక్కడం మేలు. కరీంనగర్ వాళ్లకు కూడా హన్మకొండ దాకా బస్సే సులువు, రెండు గంటల దారి. మంచిర్యాల, రామగుండం, పెద్దపల్లి వాళ్లు రైల్లో కాజీపేటలో దిగి గోదావరి ఎక్స్‌ప్రెస్ అక్కడే ఎక్కవచ్చు. ఢిల్లీ వైపు నుంచి వచ్చే కొన్ని రైళ్లు కాజీపేటలో ఆగకుండా నేరుగా వరంగల్ వెళ్తాయి, అది గమనించుకోండి. హన్మకొండ నుంచి వరంగల్ స్టేషన్‌కు సిటీ బస్సులు, షేర్ ఆటోలు రాత్రి వరకూ తిరుగుతాయి.

ఆడవాళ్లకు మన దగ్గర 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితమే కదా, స్టేషన్ దాకా అలాగే వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పేరుతో అలాంటి పథకమే ఉంది కానీ అది ఆ రాష్ట్రం వాళ్లకు. మన ఆధార్ చూపించి జీరో టికెట్ అడగొద్దు, టికెట్ కొనుక్కోవాలి. అమ్మ మొదటిసారి కండక్టర్‌కు కార్డు చూపించబోతే నేనే ఆపాను.

సద్ది కట్టుకోండి. పులిహోర, ఎండుకారం పెట్టిన జొన్నరొట్టె రాత్రికి సరిపోతాయి. సంక్రాంతి దాటాక వెళ్తే ఇంట్లో సకినాలు ఉండనే ఉంటాయి. కొండ మీద ఆకలేసినప్పుడు అవే గుర్తొస్తాయి, పావురాలకొండ, తొట్లకొండ పైన అంగళ్లు ఉండవు.

వైజాగ్‌లో దిగాక మొదటి గంట

స్టేషన్‌కు రెండు వైపులా బయటికి దారులున్నాయి. ఒకటో నంబరు ప్లాట్‌ఫాం వైపు ప్రధాన ద్వారం, అటు చివర జ్ఞానాపురం వైపు ఇంకొకటి. సిటీ బస్సుల కోసం ఒకటో నంబరు వైపే రావాలి. అప్పుడే గదికి వెళ్లాలని లేకపోతే స్టేషన్‌లో క్లోక్‌రూమ్ ఉంది. బ్యాగుకు తాళం ఉంటేనే తీసుకుంటారు, టికెట్ కూడా చూపించాలి. ఇంటి దగ్గరే చిన్న తాళం వేసుకొస్తే అక్కడ కొనే పని తప్పుతుంది. వెయిటింగ్ హాల్లో స్నానం చేసి, చిన్న సంచిలో ఇద్దరికి మూడు లీటర్ల నీళ్లు, టోపీ, తువ్వాలు, తినేవి పెట్టుకుని తేలికగా బయటపడండి.

గది కావాలంటే ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల తీసుకోండి. స్టేషన్‌కు దగ్గర, అన్ని సిటీ బస్సులూ దొరుకుతాయి. బీచ్ ఎదురుగా గది అంటే డబ్బు ఎక్కువ, మీరు గదిలో ఉండేది నిద్రపోయేటప్పుడే.

900కె: మీ ప్రయాణమంతా ఈ నంబరే

రైల్వే స్టేషన్ నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్, సిరిపురం, పెదవాల్తేరు, అప్పుఘర్ మీదుగా బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి వెళ్లే బస్సు 900కె. బోర్డు మీద భీమిలి అనో భీమునిపట్నం అనో ఉంటుంది. భీమిలికి హైవే మీదుగా వెళ్లే బస్సులు కూడా ఉంటాయి. అవి ఎక్కితే సముద్రం కనిపించదు. అందుకే ఎక్కే ముందు కండక్టర్‌ను ఒక మాట అడగండి: “అన్నా, బీచ్ రోడ్డు నుంచేనా?” మనం అన్నా అంటే అక్కడివాళ్లు బాబూ, అమ్మా అని జవాబిస్తారు. ఆ యాస రెండు మాటలు వినగానే మీకు నచ్చుతుంది.

వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ, వచ్చేటప్పుడు ఎడమవైపు కిటికీ. ఇది మరిచిపోవద్దు. స్టేషన్ దగ్గరే ఎక్కితే కోరుకున్న సీటు దొరుకుతుంది, కాంప్లెక్స్ దగ్గర ఎక్కితే అదృష్టం. అప్పుఘర్ దాకా మామూలు ఊరి రద్దీ. అది దాటాక ఎడమన కొండ, కుడిన సముద్రం, మధ్యలో రోడ్డు. తెన్నేటి పార్కు, రుషికొండ, గీతం యూనివర్సిటీ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు ఈ దారిలోనే వస్తాయి. చిల్లర దగ్గర పెట్టుకోండి.

మొదటి రోజు దూరమైన భీమిలికి నేరుగా వెళ్లిపోండి. చాలామంది దగ్గరివి చూసుకుంటూ పోయి, ఎండెక్కాక అలసిపోయి, భీమిలి వదిలేసి వెనక్కి తిరుగుతారు. అసలైన కొండ చివర్లోనే ఉంది.

పావురాలకొండ

ఏడు గంటలకు బస్సెక్కితే ఎనిమిదిన్నరలోపు భీమిలిలో ఉంటారు. బస్టాండ్ దగ్గర టిఫిన్ తిని, నరసింహస్వామి కొండకు దారి అడగండి. పావురాలకొండ అన్నా తెలుస్తుంది కానీ ఊరివాళ్లకు నరసింహస్వామి కొండ అనే పేరే ముందు తడుతుంది. కొండ వాలులో నరసింహస్వామి గుడి ఉంది, అక్కడి దాకా మెట్లు. గుడి దగ్గర కాసేపు ఆగి ఊపిరి పీల్చుకుని, పైకి దారి ఎటో గుడివాళ్లనే అడిగి కదలండి. పది గంటల లోపు పైన ఉండేలా చూసుకోండి, నీడ పెద్దగా లేదు.

పైన రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ ఆరామం ఆనవాళ్లున్నాయి. రాతిలో తొలిచిన నీటి తొట్లు 16 ఉన్నాయని చెప్తారు. వర్షం నీరు పట్టి ఏడాదంతా దాచుకునేవాళ్లు. చుట్టూ తాగడానికి పనికిరాని నీరే ఉన్న చోట, కొండ మీద తాగునీటికి భిక్షువులు కనిపెట్టిన ఉపాయం ఇది. గొలుసుకట్టు చెరువుల నాడు మనవాళ్లు వాన చుక్కను ఎలా పట్టుకున్నారో తెలిసినవాళ్లు ఈ తొట్ల ముందు ఎక్కువసేపు నిలబడతారు.

అంచుకు వచ్చి చూడండి. కింద భీమిలి పెంకుటిళ్లు, ఒక పక్క గోస్తనీ నది వచ్చి సముద్రంలో కలిసే చోటు, ఎదురుగా బంగాళాఖాతం. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహలను తొలిచిన నది ఇదే. ఏటి నీటి రంగు ఒకటి, సముద్రపు నీటి రంగు ఒకటి. కలిసే చోట ఇసుక తిన్నె రోజుకో ఆకారంలో ఉంటుంది. నేను వెళ్లిన ప్రతిసారీ అది వేరేగానే కనిపించింది. ఇక్కడ గంటన్నర కూర్చోండి. ప్యాకేజీ బస్సుల్లో వచ్చేవాళ్లకు దొరకనిది ఈ గంటన్నరే.

దిగాక ఎండ పెరుగుతుంది కాబట్టి ఊళ్లో నీడపట్టున తిరగండి. డచ్చివాళ్లు 17వ శతాబ్దంలోనే ఇక్కడ వర్తకం పెట్టారు. వాళ్ల సమాధుల తోటలో నిలువెత్తు రాతి కట్టడాలు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు ఇది. గంటస్తంభం, లైట్‌హౌస్ అన్నీ నడిచే దూరమే. భోజనం ఇక్కడే చేసేయండి.

తొట్లకొండ

మధ్యాహ్నం రెండున్నర, మూడు మధ్య తిరుగు 900కె ఎక్కి తొట్లకొండ దగ్గర దిగుతామని కండక్టర్‌కు చెప్పండి. రోడ్డుకు ఒకవైపు కొండ, రెండోవైపు మంగమారిపేట మత్స్యకారుల ఊరు. ముందు బీచ్ వైపు దిగండి. సముద్రం కోసి చెక్కిన రాతి తోరణం ఒకటి అక్కడ ఉంది. తిరుమలలో శిలాతోరణం చూసినవాళ్లకు ఆ ఆకారం తెలుసు. కాకతీయుల కీర్తితోరణం పక్కన పెరిగిన మనకు, చెయ్యి పడకుండా తయారైన తోరణం చూడటం వేరే అనుభవం. నీరు వెనక్కి తగ్గినప్పుడే దగ్గరికి పోవచ్చు. పోటు సమయం రోజుకు ముప్పావుగంటకు పైగా జరుగుతూ ఉంటుంది కాబట్టి నిన్న ఎవరో చెప్పిన వేళ ఈ రోజుకు పనికిరాదు. వలలు బాగుచేసుకుంటున్న మత్స్యకారులను అడిగితే ఇప్పుడు నీరు దిగుతోందా, ఎక్కుతోందా చెప్తారు. ఎక్కుతోందంటే దూరం నుంచే చూసి వచ్చేయండి.

కొండ మీదికి తారు రోడ్డు ఉంది. అరగంటకు పైగా నడక, మెల్లగా ఎక్కాలి. పెద్దవాళ్లుంటే ఆటో మాట్లాడుకోండి, అయితే దింపి వెళ్లిపోకుండా పైన ఆగేలా ముందే అనుకోవాలి. నౌకాదళం సర్వే చేస్తున్నప్పుడు బయటపడిన ఈ చోట 1988 నుంచి 1993 వరకు తవ్వకాలు జరిగాయి. మహాస్తూపం, చైత్యాలు (బౌద్ధుల ప్రార్థన మందిరాలు), భిక్షువుల గదుల పునాదులు వరుసగా కనిపిస్తాయి. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ నాణేలూ దొరికాయి. శాతవాహనులంటే మనకూ చుట్టరికమే. పెద్దపల్లి జిల్లా ధూళికట్ట స్తూపం, జగిత్యాల జిల్లా కోటిలింగాల చూసినవాళ్లు ఇక్కడి ఇటుకలను గుర్తుపడతారు. గోదావరి ఒడ్డున మొదలైన ఆ కథకు సముద్రపు వాకిలి ఇలాంటి కొండలే.

చీకటి పడకముందే గేటు మూస్తారు, మీరూ అంతకుముందే దిగిపోండి. కొండ దారిలో దీపాలు లేవు. కిందికి వచ్చాక నగరం వైపు వెళ్లే బస్సు కోసం రోడ్డుకు ఎడమపక్క, అంటే సముద్రం పక్కన నిలబడాలి.

నీళ్లలోకి దిగేముందు

దీన్ని గట్టిగా చెప్పాలి. మనలో చెరువులో, బావిలో ఈత నేర్చుకున్నవాళ్లు చాలామంది. ఆ ఈత ఇక్కడ చాలదు. వైజాగ్ తీరంలో నాలుగు అడుగులు వేస్తేనే లోతు మారిపోయే చోట్లున్నాయి. అల వెనక్కి పోయేటప్పుడు కొన్ని చోట్ల నీరంతా ఒక సన్నని కాలువలా చేరి లోపలికి వేగంగా లాగుతుంది. చుట్టూ అలలు విరుగుతుంటే మధ్యలో ఒకచోట నీరు నున్నగా, ప్రశాంతంగా కనిపిస్తే అదే ప్రమాదం. పిల్లలు అటే పరిగెత్తుతారు. పొరపాటున చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే ఆ లాగుడు సన్నగిల్లుతుంది, అప్పుడు ఒడ్డుకు రావాలి. ఈత రానివాళ్లు మోకాళ్లు దాటి దిగొద్దు. యారాడ, ఆర్కే బీచ్, భీమిలి ఎక్కడైనా ఇదే మాట. ఫొటో కోసం తడిసిన రాళ్ల మీద సముద్రానికి వీపు పెట్టి నిలబడకండి.

రెండో రోజు

తెల్లవారకముందే ఆర్కే బీచ్‌కు ఆటోలో వెళ్లండి. వెలుతురు పరుచుకుంటుంటే కుడివైపు దూరంగా డాల్ఫిన్స్ నోస్ నల్లగా, తర్వాత నీలంగా, చివరికి పచ్చగా మారుతుంది. ఆ కొండ ఆకారం సరిగా కనిపించేది ఇక్కడి నుంచే. బీచ్ నుంచి తీసుకునే ఫొటోలు పర్వాలేదు కానీ నౌకాదళం గోడలు, గేట్లు, ఓడల రేవు దగ్గర ఫోన్ తీయకండి. డ్రోన్ అసలే వద్దు. ఒడ్డునే ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఉంది. 1969 నుంచి 2001 దాకా పనిచేసిన జలాంతర్గామి లోపల నడవడం పిల్లలకు పండుగే. సోమవారం సెలవు, మిగతా రోజుల వేళలు ముందే చూసుకోండి.

తొమ్మిది గంటల ప్రాంతంలో కైలాసగిరి వైపు కదలండి. 900కె ఎక్కి కొండ కింద దిగవచ్చు. మెట్ల దారి ఉంది, రోప్‌వే ఉంది, రోడ్డూ ఉంది. మోకాళ్లు బాగున్నవాళ్లకు మెట్లే నా సలహా. ప్రతి మలుపులో ఆగితే తీరం ఇంకొంచెం తెరుచుకుంటుంది. గాలి ఎక్కువైతే రోప్‌వే ఆపేస్తారు, దాన్నే నమ్ముకుని సమయం లెక్కవేయకండి. పైన శివపార్వతుల పెద్ద విగ్రహాల దగ్గరే జనమంతా ఉంటారు. అక్కడ ఆగకుండా సముద్రం వైపు అంచుకు నడవండి. దక్షిణాన నగరం, దాని చివర డాల్ఫిన్స్ నోస్. ఉత్తరాన రుషికొండ దాటి నిన్న మీరు తిరిగిన తీరం. ఆ వంపు మొత్తం ఒక్క చూపులో అందేది ఇక్కడే. అందుకే దీన్ని చివరికి పెట్టాను. మొదటి రోజే వస్తే అది వట్టి అందమైన దృశ్యం. భీమిలి చూసొచ్చాక నిలబడితే ఎక్కడెక్కడ కూర్చున్నారో వేలు పెట్టి చూపించగలుగుతారు.

తిరుగు రైలు

గోదావరి ఎక్స్‌ప్రెస్ తిరుగు నంబరు 12727, సాయంత్రం ఐదు దాటాక వైజాగ్‌లో బయల్దేరుతుంది. మూడున్నరకల్లా క్లోక్‌రూమ్ దగ్గర ఉండండి, ఆదివారం బీచ్ వైపు నుంచి వచ్చే దారిలో రద్దీ ఎక్కువ. ఈ రైలు వరంగల్ వచ్చేది రాత్రి రెండు, మూడు గంటల మధ్య. అలసిపోయి నిద్రపోతే సికింద్రాబాద్‌లో మెలకువ వస్తుంది. 139కి ఫోన్ చేసి దిగే స్టేషన్ అలర్ట్ పెట్టుకోవచ్చు. ఫోన్‌లో కూడా అలారం పెట్టుకోండి. డోర్నకల్ దాటితే లేచి సామాను సర్దుకోవడం మొదలుపెట్టాలి, మహబూబాబాద్ వచ్చేసరికి బూట్లు వేసుకుని ఉండాలి. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో బయల్దేరే వందే భారత్ మేలు, రాత్రి తొమ్మిది దాటాక వరంగల్‌లో దింపుతుంది. అప్పుడు కైలాసగిరి నుంచి పన్నెండుకల్లా దిగిపోవాలి.

రాత్రి దిగినవాళ్లలో హన్మకొండ, కాజీపేట వాళ్లకు స్టేషన్ బయట ఆటోలు ఉంటాయి, నలుగురైదుగురు కలిసి మాట్లాడుకుంటే అందరికీ తగ్గుతుంది. ములుగు, నర్సంపేట వైపు వెళ్లాల్సినవాళ్లు తొందరపడి బయటికి రాకండి. వెయిటింగ్ హాల్లోనే కూర్చుని, తెల్లవారుజామున బస్సులు మొదలయ్యాక బయల్దేరండి.